తొమ్మిదేళ్ళ పిల్ల చెప్పే నవల: అమాయకత్వం పోయే చోటు కుదరడం లేదు

పెన్సిల్‌ముక్క (ప్రశ్న)

నవల మొదటి ప్రతి పూర్తయింది. 28 అధ్యాయాలు, 70 వేల పదాల దాకా వచ్చింది. కథంతా ఒక ఆడపిల్ల ఉత్తమ పురుషలో చెబుతుంది. మొదట్లో ఆమెకి తొమ్మిదేళ్ళు, ముగిసేసరికి పదమూడు. ఐదేళ్ళ తమ్ముడున్నాడు. తండ్రి ఉద్యోగం పోయింది, ఆ సంగతి పిల్లలకి చెప్పలేదు. రోజూ పొద్దున్నే బ్యాగు తగిలించుకుని వెళ్తాడు, సాయంత్రం మామూలు వేళకే వస్తాడు. అప్పిచ్చినాయన ఆదివారాలు వచ్చి తలుపు కొడుతుంటాడు.

2వ అధ్యాయంలో తండ్రి బ్యాగు తేలిగ్గా ఉందని పిల్ల గమనిస్తుంది. 4లో జీతం మీద అమ్మానాన్నల గొడవ వింటుంది. 5లో బండి అమ్మేస్తారు. 17లో స్కూలు నుంచి తొందరగా వస్తూ తండ్రిని పార్కు బెంచీ మీద చూస్తుంది, నిజం తెలుస్తుంది.

చదివినవాళ్ళు రెండు మాటలన్నారు. 17 దాకా పిల్ల మరీ మొద్దులా ఉందట. 18 నుంచి ముప్పయ్యేళ్ళ మనిషిలా మాట్లాడుతోందట. రెండూ నిజమే అనిపిస్తోంది, కానీ ఎక్కడ చెయ్యి పెట్టాలో తెలియడం లేదు. రెండు ముక్కలు ఇక్కడ పెడుతున్నాను.

3వ అధ్యాయం: "తలుపు తీశాను. 'నాన్న ఉన్నారా?' అన్నారాయన. 'నాన్న లేరని చెప్పమన్నారు' అన్నాను. ఆయన నవ్వారు. ఎందుకు నవ్వారో అప్పుడు నాకు తెలియదు."

17వ అధ్యాయం చివర: "ఆ రోజుతో నా బాల్యం ముగిసిపోయింది. ఆ తర్వాత ఏదీ మునుపటిలా లేదు."

అమాయకత్వం పోవడానికి ఇలా ఒక్క పెద్ద సంఘటన ఉండాలా? మెల్లగా జారిపోతున్నట్టు రాయాలంటే అధ్యాయాల వారీగా ఎలా పంచుకోవాలి?

వాలుకుర్చీ

మొదటి ఫిర్యాదుకి కారణం మీరు పెట్టిన ముక్కలోనే ఉంది. "లేరని చెప్పమన్నారు" పాత జోకు. పాతదైతే పోనీ అనుకోవచ్చు. అసలు చిక్కు, అది తొమ్మిదేళ్ళ పిల్ల చేసే పొరపాటు కాదు. నాలుగేళ్ళ పిల్లాడిది.

ఎదుటివాడి బుర్రలో నాకు తెలిసినదే ఉండాలని లేదు, వేరే నమ్మకం ఉండొచ్చు అన్న సంగతి పిల్లలకి నాలుగైదేళ్ళ నుంచి అందడం మొదలవుతుంది. విమ్మర్, పెర్నర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 1983లో చేసిన ప్రయోగం దీనిమీదే. ఒక అబ్బాయి చాక్లెట్ ఒక అలమారలో పెట్టి బయటికి వెళ్తాడు. వాడు లేనప్పుడు వాళ్ళమ్మ దాన్ని ఇంకో అలమారలోకి మారుస్తుంది. వాడు తిరిగొచ్చి ఎక్కడ వెతుకుతాడు? మూడేళ్ళవాళ్ళు చాక్లెట్ ఇప్పుడున్న చోటే చూపిస్తారు. కాస్త పెద్దవాళ్ళు, పాపం వాడికి తెలియదు కదా అని మొదటి అలమార చూపిస్తారు. "నేను ఏమనుకుంటున్నానని ఆయన అనుకుంటున్నాడు" అనే రెండో అంతస్తు ఆరేడేళ్ళ నుంచి మెల్లగా వస్తుంది. ఆ ఇద్దరే 1985లో దాన్నీ పరీక్షించారు.

అంటే తొమ్మిదేళ్ళకి మీ పిల్లకి ఈ రెండూ వచ్చేసి ఉండాలి. "నాన్న లేరు" అని తడుముకోకుండా చెప్పగలదు. చెప్పినందుకు కాస్త గర్వం కూడా ఉంటుంది, నాన్న తనకి అప్పగించిన పని కాబట్టి. అబద్ధం బాగా వచ్చు, దాని ఖరీదు తెలియదు. అమాయకత్వాన్ని అక్కడ పెట్టండి, మొద్దుతనం దానంతటదే పోతుంది. ఆ జోకు మీకు అంత ఇష్టమైతే ఐదేళ్ళ తమ్ముడికి ఇచ్చేయండి. వాడికీ కాస్త ఆలస్యమే, కానీ నప్పుతుంది.

తమ్ముడి విషయంలో ఇంకోటి. చిన్నపిల్లలు తప్పుని ఉద్దేశంతో కాకుండా నష్టం సైజుతో కొలుస్తారని పిల్లల ఆలోచన మీద పనిచేసిన మనస్తత్వ శాస్త్రవేత్త పియాజే 1932 నాటి పుస్తకంలో చూపించాడు. తెలియక తలుపు తోసి 15 కప్పులు పగలగొట్టినవాడూ, దొంగతనంగా జామ్ తీయబోయి ఒక్క కప్పు పగలగొట్టినవాడూ, ఇద్దరిలో ఎవరిది పెద్ద తప్పని అడిగితే చిన్నవాళ్ళలో చాలామంది 15 కప్పులవాడిదే అన్నారు. అక్కకీ తమ్ముడికీ మధ్య ఈ తేడా వాడుకోండి. బండి పోయిందని తమ్ముడు ఏడుస్తాడు, అది పెద్దది కాబట్టి. అక్క అప్పటికే, నాన్న దాన్ని అమ్మేటప్పుడు తమవైపు చూడకపోవడం గమనించి ఉంటుంది. అర్థం కాదు, గుర్తుంటుంది. తొమ్మిదేళ్ళ వయసుకి అది సరిగ్గా సరిపోయే తెలివి.

గళ్ళనోటుబుక్కు

పంపకం గురించి అడిగారు కాబట్టి నేను అటు వస్తాను. ఒక కాగితం మీద 28 అడ్డగళ్ళు గీయండి. నిలువుగా నాలుగు వరసలు: పిల్లకి నిజంగా తెలిసింది, పిల్ల తెలుసనుకుంటున్నది, పాఠకుడికి తెలిసింది, ఎవరికీ ఇంకా తెలియనిది. ఒక్కో గడిలో ఒక్క వాక్యం మించి రాయొద్దు.

మీరిచ్చిన వివరాలతోనే నింపి చూశాను. 5వ అధ్యాయానికి పాఠకుడికి సంగతంతా తెలిసిపోయింది. పిల్లకి తెలిసేది 17లో. మధ్యలో పన్నెండు అధ్యాయాల పాటు పాఠకుడు ముందే చేరుకుని పిల్ల కోసం ఎదురుచూస్తూ కూర్చున్నాడు. మొద్దు అన్నది అందుకే. అంత దూరం ఒకే రహస్యం మీద లాగలేం. నా లెక్కలో నాలుగైదు అధ్యాయాలు దాటితే పాఠకుడి జాలి విసుగు కిందకి మారుతుంది. ఇది శాస్త్రం కాదు, అంచనా.

మరమ్మతు రెండు వైపుల నుంచి చేయాలి. ఒకటి, ఆనవాళ్ళని జరపండి. బ్యాగు 2లోనే ఉండనివ్వండి, అది ఒక్కటే ఏదీ తేల్చదు. జీతం గొడవని 4 నుంచి 9కి, బండి అమ్మకాన్ని 5 నుంచి 12కి జరిపితే పాఠకుడికి ఖాయమయ్యేది 12 దగ్గర. 17కి ఐదే దూరం.

రెండోది ఇంకా ముఖ్యం. ప్రతి ఆనవాలుకీ పిల్ల తన సొంత కారణం ఒకటి కట్టుకోవాలి. ఆ కారణం తార్కికంగా ఉండాలి, తండ్రిని పైకెత్తేదిగా ఉండాలి. బ్యాగు తేలిగ్గా ఉందా? "నాన్న పని ఆఫీసులోనే ముగించేస్తారు, మిగతావాళ్ళలా ఇంటికి మోసుకురారు." పిల్ల ఏమీ ఆలోచించకపోతే మొద్దు. తప్పుగా ఆలోచిస్తే అమాయకురాలు. పాఠకుడికి నొప్పి పుట్టేది ఆ తప్పు కారణం ఎంత బాగా కుదిరిందో చూసినప్పుడే.

మాటల్నీ ఇలాగే వాడొచ్చు. "వాయిదా" తీసుకోండి. స్కూల్లో పరీక్ష వాయిదా పడితే పిల్లలు ఎగిరి గంతేస్తారు. ఆమె లెక్కలో అది మంచి మాట. ఇంట్లో "ఈ నెల వాయిదా" అని అమ్మ అంటే, ఏదో కష్టం ఇప్పటికి తప్పిందనే అనుకుంటుంది. ఆ పొరపాటుని ఆమె నోటితో వివరించకండి, పాఠకుడు నవ్వే లోపు దాటిపోవాలి. ఇలాంటివి నవల మొత్తంలో రెండు, మహా అయితే మూడు. నాలుగోది పడిందంటే ముద్దుమాటల పుస్తకం అయిపోతుంది.

నాలుగో వరస, ఎవరికీ తెలియనిది, మీ ప్రతిలో ఖాళీగా ఉందని నా అనుమానం. 17లో పిల్ల చూసేది పాఠకుడికి ఎప్పుడో తెలిసిందే, కాబట్టి ఆ సన్నివేశం చప్పగా ఉంటుంది. దాన్ని గట్టిగా చేయడానికే "బాల్యం ముగిసిపోయింది" అని రాయాల్సి వచ్చి ఉంటుంది. పిల్లతో పాటు పాఠకుడూ అదే వాక్యంలో ఏదో ఒకటి కొత్తగా తెలుసుకోవాలి. ఆ ఒక్కటి ఏమిటో వెతకండి.

అరసున్న

రెండో ఫిర్యాదు, ముప్పయ్యేళ్ళ గొంతు. ఇది భాషలో తేలాల్సింది.

ముందు ఒక నిర్ణయం: ఈ కథ చెబుతున్న క్షణంలో ఆమె వయసెంత? ప్రతి పైన ఒక మూల అంకె వేసి పెట్టుకోండి. మార్క్ ట్వేన్ నవలలోని కుర్రాడు హక్ ఫిన్ (1884) జరిగిన కొద్దికాలానికే తన యాసలో చెబుతాడు, వెనక్కి తిరిగి చూసే పెద్దమనిషి అక్కడ లేడు. డికెన్స్ "గ్రేట్ ఎక్స్‌పెక్టేషన్స్"లోని పిప్ (1861) పెద్దవాడై చిన్నప్పటి తనని చూసి నవ్వుకుంటూ చెబుతాడు. హెన్రీ జేమ్స్ మేజీ అనే చిన్నపిల్ల కథని (1897) ప్రథమ పురుషలో, అంటే "ఆమె" అంటూ, పెద్దల భాషలోనే రాసి, చూపు మాత్రం పిల్లది ఉంచాడు. పిల్లలకి గ్రహింపు ఎక్కువ, దాన్ని చెప్పే మాటలు తక్కువ అన్నది ఆయన వాదన. మూడూ చెల్లుతాయి, కలిపితే చెల్లవు. మీ మూడో అధ్యాయంలో "అప్పుడు నాకు తెలియదు" అనేది పిప్ వాక్యం. దాని చుట్టూ ఉన్నవి హక్ వాక్యాలు. పెద్దామె అక్కడ ఒక్క క్షణం తొంగిచూసి మాయమై, 18లో సామాన్లతో సహా దిగిపోయింది.

పదమూడేళ్ళకి చెబుతున్నట్టు పెట్టుకుంటే మేలని నా మాట. అప్పుడు "తెలియదు", "తర్వాత తెలిసింది", "మునుపటిలా లేదు" లాంటివన్నీ వెతికి కొట్టేయండి. ఫైల్లో "అప్పుడు" అని వెతికితే సగం దొరికిపోతాయి.

ఇక మార్పు చూపించడానికి తెలుగులో ఉన్న పనిముట్లు మనం సరిగ్గా వాడుకోం. నాలుగు చెబుతాను.

ఒకటి "ట". "నాన్నకి ఆఫీసులో పని ఎక్కువట." చిన్నపిల్ల నోట ఇది ఉత్త వార్త, అమ్మ చెప్పింది కాబట్టి. పెద్దవాళ్ళ నోట అదే "ట" వెటకారం. మొదటి సగంలో వార్తగా వేయండి, అధ్యాయానికి రెండు మూడు చోట్ల. మధ్యలో పూర్తిగా ఆపేయండి, చెప్పింది చెప్పినట్టు నమ్మడం ఆగిపోయింది కాబట్టి. 20 తర్వాత ఒక్కసారి తిరిగి తెండి, రెండో అర్థంతో. అదే అక్షరం, మనిషి మారింది. వివరణ అక్కర్లేదు.

రెండు, "మనం", "మేం". ఐదేళ్ళ తమ్ముడు అప్పిచ్చినాయనతో "నాన్న మనింట్లోనే ఉన్నారు" అంటాడనుకోండి. వాడి లెక్కలో ఆయన కూడా మనవాళ్ళలోనే. అక్క "మా ఇంట్లో అనాలి" అని దిద్దుతుంది. నాన్నని పట్టిచ్చినందుకు కాదు, వ్యాకరణానికి! తర్వాత ఎప్పుడో అక్కే ఇంటిని "వాళ్ళ గొడవ" అని అమ్మానాన్నల వైపు నెట్టేస్తుంది. మొదటి రెండు మాటలకీ ఈ మూడోదానికీ మధ్య పది అధ్యాయాలైనా ఉండాలి.

మూడు, మర్యాదలు. గుమ్మంలో "రండి, కూర్చోండి" అన్న అమ్మ తలుపు వేశాక "వాడు మళ్ళీ వచ్చాడు" అంటుంది. తెలుగు పిల్లలకి పెద్దల రెండు ముఖాలు మొదట దొరికేది సర్వనామాల్లోనే. ఇది 6, 7 అధ్యాయాల్లో ఒక్క లైనులో పడేయండి, పిల్ల వ్యాఖ్య లేకుండా. అలాగే నాన్న గురించి అమ్మ వాడే మాట: మొదట్లో "నాన్నగారు", తర్వాత "మీ నాన్న", ఇంకా తర్వాత "ఆ మనిషి".

నాలుగు, అలవాటు చెప్పే క్రియలు. "వచ్చేవారు, తెచ్చేవారు, వెళ్ళేవాళ్ళం" అని రాస్తుంటే కాలం ఆగి ఉంటుంది. రోజులన్నీ ఒకేలా ఉండటమే బాల్యం కాబట్టి మొదటి మూడోవంతు అలాగే నడవొచ్చు. ఆ నడక విరగాల్సిన చోట "ఆ ఆదివారం వచ్చారు" అని రాయండి చాలు. అయితే ఒక ప్రమాదం ఉంది. "-ఏవాళ్ళం" వరసగా పేజీన్నర దాటితే జ్ఞాపకాల వ్యాసంలా మూలుగుతుంది. పేజీకి ఒక్కటైనా ఫలానా రోజున జరిగిన సంగతి ఉండాలి.

ఎదురుమాట

పై ముగ్గురూ చెప్పినవి బాగున్నాయి కానీ ఒక మూలసంగతి ఎవరూ కదపలేదు. "అమాయకత్వం పోవడం" అనేది పెద్దవాళ్ళ బాధ. పోగొట్టుకుంటున్న పిల్లకి అది పోవడంలా ఉండదు, దొరకడంలా ఉంటుంది. రహస్యం తెలిసిన పిల్ల ఆ రాత్రి ఏడవొచ్చు, కానీ మర్నాడు క్లాసులో మిగతావాళ్ళని చూసి తనే పెద్దదాన్ననుకుంటుంది. 17, 18 అధ్యాయాల్లో ఈ లాభం కనిపించకపోతే మీ పుస్తకం ఒకే రాగం తీస్తుంది. ఆమెకి ఇప్పుడు నాన్నని కాపాడే శక్తి ఉంది, కావాలంటే ఇరికించే శక్తి కూడా. ఒక్కసారి, చిన్న విషయానికి, ఆ శక్తిని చెడుగా వాడనివ్వండి. కొత్త జామెట్రీ బాక్సు కొనివ్వలేదని తలుపు దగ్గర అరక్షణం ఆలస్యంగా అబద్ధం చెప్పడం లాంటిది. ఆ అరక్షణం నాన్న లోపలి గదిలోంచి వింటాడు. మీ బెంచీ సన్నివేశం కంటే ఇది పదునుగా ఉంటుంది.

ఒక్క సంఘటన ఉండాలా అన్నదానికి: ఉండొచ్చు, తప్పేం లేదు. అయితే అది ఒక్క అజ్ఞానాన్నే తీసేయాలి. పిల్లకి తెలియనివి ఒక జాబితా వేయండి: డబ్బు, చావు, శరీరం, అమ్మానాన్నల మధ్య సంగతి, న్యాయం అనేది ఎవరో పంచిపెడతారన్న నమ్మకం. 17లో పోయేది మొదటిది. ఆ మర్నాడు ఆమె చావు గురించి పసిపిల్లలా అడగొచ్చు, అడగాలి కూడా. శరీరం సంగతి పదకొండు, పన్నెండేళ్ళకి దాని దారిన అది వస్తుంది. న్యాయం అన్నిటికంటే ఆలస్యంగా పోతుంది, కొందరికి పోదు. జాబితాలో ఒక్కటైనా 28 దాకా చెక్కుచెదరకుండా ఉండాలి. మీ పిల్ల 18లో ముప్పయ్యేళ్ళదైపోయింది అంటే అయిదూ ఒకేరోజు తీసేశారన్నమాట.

పెద్ద దెబ్బ తిన్న పిల్లలు తిరిగి ఆటల్లోకి వెళ్ళిపోతారు, అదీ మరవకండి. 19వ అధ్యాయంలో ఆమె తమ్ముడితో ఒళ్ళు తెలియకుండా ఆడుకోవాలి. అక్కడ ఒక్క విషాద వాక్యం పడినా మొత్తం పోతుంది.

ఒక్క విషయంలో మాత్రం అరసున్న గారితో విభేదిస్తున్నాను. పదమూడేళ్ళకి చెప్పడం అనేది రాయడానికి కష్టం, ఎందుకంటే ఆ వయసు పిల్లలు తొమ్మిదేళ్ళ తమని తలుచుకుంటే సిగ్గుపడతారు, మురిసిపోరు. ఆ సిగ్గు గొంతులోకి తేగలిగితే సరే. లేకపోతే నలభయ్యేళ్ళకి జరిపి, పెద్దామె వ్యాఖ్యలు నవల మొత్తానికి మూడే అని నియమం పెట్టుకోండి.

అరసున్న

సిగ్గు సంగతి నిజం. ఒప్పుకుంటున్నాను. పదమూడేళ్ళ గొంతుకి అదే ఉప్పు. "అప్పుడు నేను చిన్నదాన్ని" అనే వాక్యం పదమూడేళ్ళవాళ్ళు చాలా గంభీరంగా అంటారు, నాలుగేళ్ళే గడిచినా. ఒక్కచోట వాడితే నవ్వు, జాలి రెండూ వస్తాయి.

పెన్సిల్‌ముక్క

అందరికీ ధన్యవాదాలు. గళ్ళు గీశాను. నాలుగో వరస నిజంగానే ఖాళీగా ఉంది. వాలుకుర్చీ గారు చెప్పిన రెండో అంతస్తు దగ్గర ఆగి ఆలోచిస్తే ఒకటి తట్టింది: తండ్రి ఇంట్లోనే ఉన్నాడని అప్పిచ్చినాయనకి మొదటి నుంచీ తెలుసు. తండ్రి చెప్పులు ప్రతి ఆదివారం గుమ్మం బయటే ఉంటాయి కదా. పిల్ల మొహం చూసి ఊరుకుంటున్నాడు. బెంచీ సన్నివేశాన్ని 14కి జరిపి చిన్నది చేశాను. 17 ఇలా మార్చాను:

"వాన పడుతోంది. తలుపు తీసి, ఆయన అడగకముందే 'నాన్న లేరండీ' అన్నాను. ఆయన గొడుగు ముడిచి కింద చూశారు. 'సరేనమ్మా. వచ్చాక చెప్పు, చెప్పులు తడుస్తున్నాయని' అని మెట్లు దిగి వెళ్ళిపోయారు. నేను చెప్పుల వైపు చూశాను. ఆయనకి అన్నిసార్లూ తెలుసని, నన్ను చూసే ఊరుకున్నారని నాకు అప్పుడు అర్థమైంది. నా గుండె బరువెక్కింది. చెప్పులు తీసి లోపల పెట్టేశాను."

గళ్ళనోటుబుక్కు

ఇదే. పాఠకుడూ పిల్లా ఒకే వాక్యం దగ్గర ఆగుతారు.

ఇప్పుడు వెనక్కి వెళ్ళి చెప్పుల్ని నాటాలి. 3, 8, 13 అధ్యాయాల్లో తలుపు సన్నివేశాలుంటే మూడింటిలోనూ చెప్పులు ఉండాలి, కానీ వేరే పనిమీద. 3లో తమ్ముడు అందులో కాళ్ళు పెట్టి టపటప నడుస్తాడు. 8లో ఒక పట్టీ తెగి ఉంటుంది, కుట్టించలేదు. 13లో పేరు కూడా ఎత్తకుండా, ఆయన "కిందికి చూసి" వెళ్ళిపోయారని మాత్రం రాయండి. మూడు చోట్లా మెరిపిస్తే పాఠకుడు పట్టేస్తాడు. ఒక్కచోటే పెడితే మరిచిపోతాడు.

ఇంకోటి లెక్క చూసుకోండి. ఆయన ప్రతి ఆదివారం వస్తే ఏడాదికి యాభై రెండు సార్లు. అన్నిసార్లు ఊరుకుంటే దయ కాదు, ఆయనకి పనిలేదనుకుంటారు. నెలకొక్క ఆదివారం చేయండి.

వాలుకుర్చీ

తొమ్మిది, పదేళ్ళ మధ్య పిల్లకి ఈ ఎరుక సరిగ్గా అందుతుంది. "నేను అబద్ధం చెబుతున్నానని ఆయనకి తెలుసు, తెలిసినట్టు నాకు కనబడనివ్వలేదు." ఇది రెండో అంతస్తు మీద మూడోది. అందుకే పెద్ద మాటల్లో చెప్పించకండి. ఆమెకి అర్థమైందని ఆమె చేసే పని చెప్పాలి. ఆ పని మీరు రాసేశారు, చివరి వాక్యంలో. ఎవరూ చెప్పకుండానే లోపల పెట్టింది. ఇంతకుముందు నాన్న చెప్పిన అబద్ధం ఆడేది, ఇప్పటి నుంచి అబద్ధం ఆమెది.

మీరు గమనించారో లేదో, 28వ అధ్యాయానికి తమ్ముడికి తొమ్మిదేళ్ళు నిండుతాయి.

పెన్సిల్‌ముక్క

లేదు, గమనించలేదు! ఐతే చివరి అధ్యాయంలో మళ్ళీ తలుపు చప్పుడు పెడతాను. ఈసారి లేచేది తమ్ముడు. చెప్పులు బయటే ఉన్నాయి. ఆమె ముందే వెళ్ళి లోపల పెట్టాలా, వాడికి నేర్పించాలా, ఊరుకోవాలా?

ఎదురుమాట

నేర్పిస్తే పాఠం చెప్పినట్టుంటుంది. ముందే వెళ్ళి తీసేస్తే త్యాగం, కాస్త తీపెక్కువ. ఆమె ఏం చేస్తుందో నిర్ణయించకండి, ఆమెకి ఉన్న సమయం నిర్ణయించండి. తమ్ముడు లేచి గడియ తీసేదాకా ఎన్ని అడుగులు? ఆరు అనుకుందాం. ఆ ఆరు అడుగుల్లో ఆమె ఏం చూస్తుందో రాయండి: వాడి మోకాలి మీద గీత, లోపలి గది తలుపు దగ్గరికి పడటం, వాడు గడియ అందుకోవడానికి మునివేళ్ళ మీద లేవక్కర్లేకపోవడం. గడియ చప్పుడు దగ్గర ఆపేయండి. తెరుచుకున్నాక ఏమైందన్నది రాయొద్దు.

వాడు ఏం చెబుతాడో ముందు అధ్యాయాల్లో చెప్పి ఉంచకూడదు. 25 నుంచి 27 దాకా వాడి నోట ఒక నిజం, ఒక అబద్ధం సమానంగా ఉండేట్టు చూసుకోండి. లేకపోతే పాఠకుడు ఎటో ఒకవైపు తేల్చేసుకుంటాడు.

అరసున్న

17లో మూడు కొట్టివేతలు. "ఆయనకి అన్నిసార్లూ తెలుసని" నుంచి "అర్థమైంది" దాకా మొత్తం వాక్యం. తర్వాత "నా గుండె బరువెక్కింది", అది ఎవరి గుండె అయినా బరువెక్కే తీరు. చివర "పెట్టేశాను" వద్దు, "పెట్టాను" చాలు. "ఏశాను"లో పని వదిలించుకున్న తొందర ఉంది, ఈ పిల్లకి ఆ తొందర లేదు. "నాన్న లేరండీ" అన్నచోట "అండీ" మాత్రం ఉంచండి. 3వ అధ్యాయంలో "నాన్న లేరంకుల్" అని పెట్టి ఇక్కడ "అండీ" చేస్తే ఇంకా మంచిది.